పన్నెండు మంది ఉంటే... యాప్ మన ఊళ్లోనే!

సెల్‌ఫోన్‌లో యాప్‌లు వాడటం అందరికీ వచ్చు. తయారుచేయడమో? అది అమీర్‌పేటకో బెంగళూరుకో వెళ్లి నేర్చుకోవాల్సిన విద్య అనుకుంటాం. కానీ పాఠాలన్నీ పైసా ఖర్చు లేకుండా జేబులోకే వచ్చేశాయి. ఇక కావలసిందల్లా ఓ కంప్యూటరూ, కాస్త ఓపికా... పన్నెండు మంది మనుషులూ!

2018 ఫిబ్రవరి. ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లు ఉన్నట్టుండి మొరాయించడం మొదలుపెట్టాయి. వైరస్ వచ్చిందా? లేదు. హ్యాకర్లు దాడి చేశారా? అదీ లేదు. కారణం ఒకే ఒక్క అక్షరం. అదీ మన తెలుగు అక్షరం... జ్ఞా!

ఎవరైనా ఆ అక్షరాన్ని మెసేజీలో పంపితే చాలు, అందుకున్న ఫోన్‌లో ఆ యాప్ టక్కున మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూత. వాట్సప్, మెసెంజర్, జీమెయిల్... అన్నిటిదీ అదే దారి. నిజానికి అది మనం రోజూ రాసే జ్ఞా కూడా కాదు. జ కింద ఞ ఒత్తు చేరాక, దీర్ఘానికి ముందు కంటికి కనబడని గుర్తొకటి వచ్చి కూర్చుంది. అక్షరాలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఆపడానికి వాడే గుర్తది. ఆ కూర్పును తెర మీద ఎలా గీయాలో ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌కు అంతుపట్టలేదు. చివరికి ఫిబ్రవరి 19న యాపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది.

జ్ఞానం అనే మాటకు మొదటి అక్షరం అంత పెద్ద సంస్థ ఫోన్లను చతికిలబడేసిందని అప్పట్లో అందరం నవ్వుకున్నాం. ఆ తర్వాత మర్చిపోయాం. కానీ ఒక్కసారి ఆలోచించండి. తెలుగులో రాసే, తెలుగులో చదివే నలుగురు కుర్రాళ్లు ఆ సాఫ్ట్‌వేర్‌ను ముందే అటూఇటూ తిప్పి చూసి ఉంటే అది ముందే దొరికేదేమో! అలాంటి కుర్రాళ్లు నందికొట్కూరులో వీధికి పదిమంది ఉన్నారు. మరి వాళ్లు ఆ పని నేర్చుకోవాలంటే ఏంచేయాలి?

ఊరు దాటకుండానే...

నందికొట్కూరు నుంచి కర్నూలు, అక్కణ్నుంచి హైదరాబాదు. అక్కడ అమీర్‌పేటలో ఓ హాస్టలు, మైత్రీవనం చుట్టుపక్కల ఏదో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఓ బ్యాచ్. సాఫ్ట్‌వేర్ అనగానే రాయలసీమ పిల్లలకు ఏళ్ల తరబడి తెలిసిన దారి ఇదే. ఆ దారిలో వెళ్లి స్థిరపడినవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. కాదనలేం. అయితే కోర్సు ఫీజు ఒకెత్తు, హాస్టలు బిల్లు ఇంకో ఎత్తు. పొలం మీద అప్పు తెచ్చి పంపే ఇళ్లూ ఉన్నాయి. డబ్బు సర్దుబాటైనా ఆడపిల్లను అంతదూరం పంపడానికి వెనకాడే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

విచిత్రమేంటంటే, ఆ పాఠాలు ఇప్పుడు మనల్ని వెతుక్కుంటూ ఇంటికే వచ్చాయి. యాపిల్ యాప్ స్టోర్ 2008 జులైలో 500 యాప్‌లతో మొదలైంది. తొలి ఆండ్రాయిడ్ ఫోను కూడా ఆ ఏడాదే బజారుకొచ్చింది. ఆ రోజుల్లో యాప్ తయారీ నేర్చుకోవాలంటే లావుపాటి పుస్తకాలే దిక్కు. ఇప్పుడు ఆండ్రాయిడ్‌ను తయారుచేసే గూగుల్ సంస్థే ‘ఆండ్రాయిడ్ బేసిక్స్ విత్ కంపోజ్’ పేరుతో ఓ కోర్సును తన వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టింది. ప్రోగ్రామింగ్ అంటే ఏంటో తెలియనివాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన పాఠాలవి. ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ, ప్రతి మెట్టు దగ్గరా ఓ చిన్న యాప్‌ను మన చేతే చేయించి వదులుతుంది.

ఇంతకీ ఆండ్రాయిడ్‌తోనే ఎందుకు మొదలుపెట్టాలి? ఎందుకంటే మనదేశంలో నూటికి తొంభైకి పైగా ఫోన్లు ఆండ్రాయిడ్‌వే. ఐఫోన్ యాప్‌లు చేయాలంటే యాపిల్ కంప్యూటరూ ఉండాలి, స్టోర్‌లో చోటు కోసం ఏటా 99 డాలర్లూ కట్టాలి. గూగుల్ ప్లేకైతే జీవితానికి ఒక్కసారి 25 డాలర్లు కడితే సరిపోతుంది.

ఇంగ్లిషు రాదే!

చాలామంది వెనకడుగు వేసేది ఇక్కడే. ‘మాది తెలుగు మీడియం, మావల్ల కాదులే’ అని.

ఓ లెక్క చూడండి. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే భాష పేరు కోట్లిన్. రష్యాలోని ఓ దీవి పేరది. జెట్‌బ్రెయిన్స్ అనే సంస్థ తయారుచేసిన ఈ భాషను గూగుల్ 2017లో అధికారికంగా ఆమోదించింది. 2019 నుంచి దానికే పెద్దపీట వేసింది. ఈ భాష తనకోసం ప్రత్యేకించుకున్న ముఖ్యమైన మాటలు ముప్ఫైకి అటూ ఇటూ ఉంటాయి, అంతే. ఇఫ్, ఎల్స్, వైల్, రిటర్న్... ఇలాంటివి. ఎక్కాలు నేర్చినవాళ్లకు ముప్ఫై మాటలో లెక్కా! అసలు కష్టం మాటల్లో లేదు. ఓ పనిని చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టి, ఒకదాని తర్వాత ఒకటి చెప్పడంలో ఉంది. అది ఏ మీడియంలో చదివినవాళ్లయినా సాధన చేయాల్సిందే.

పాఠం వినడానికి తెలుగే కావాలంటే దానికీ దారుంది. ఐఐటీ బొంబాయి ‘స్పోకెన్ ట్యుటోరియల్’ పేరుతో కంప్యూటర్ పాఠాలను చిన్నచిన్న వీడియోలుగా చేసి భారతీయ భాషల్లోకి డబ్బింగ్ చెప్పిస్తోంది. అందులో తెలుగూ ఉంది. తెర సగంలో వీడియో, మిగతా సగంలో మన సాధన... ఇదీ వాళ్ల పద్ధతి. ఆచార్యుడి పాఠం పూర్తిస్థాయిలో కావాలంటే ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ ఉంది. జావా లాంటి భాషలను మొదట్నుంచీ చెబుతారు. వినడం ఉచితం. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలనుకుంటేనే రుసుము.

ఇక అర్థంకాని ముక్కను చాట్‌బాట్‌ను అడిగితే తెలుగులోనే విడమరిచి చెబుతోంది. వాడుకోండి. కానీ మొత్తం యాప్‌ను దానిచేతే రాయించేసి నేర్చుకున్నామనుకుంటే, పక్కవాడి పేపరు చూసి రాసిన పరీక్ష లాంటిదే. యాప్ ఎక్కడో ఆగిపోయిన రోజున ఏది సరిచేయాలో తెలియదు!

కంప్యూటర్ లేకపోతే?

ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పుకోవాలి. పాఠాలు సెల్‌ఫోన్‌లో వినొచ్చు గానీ, యాప్ తయారీకి వాడే ఆండ్రాయిడ్ స్టూడియోకు కంప్యూటరే కావాలి. అదీ కనీసం 8 జీబీ ర్యామ్ ఉన్నది. 16 ఉంటేనే ఆయాసపడకుండా పనిచేస్తుంది. చాలా ఇళ్లలో అది చిన్న ఖర్చేం కాదు.

అలాగని అదొచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. కోట్లిన్ ప్లేగ్రౌండ్ అనే పేజీ ఫోన్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. నాలుగు వరుసలు రాసి మీట నొక్కితే ఫలితం కింద కనిపిస్తుంది. తొలి ప్రోగ్రామ్‌గా ‘నందికొట్కూరు’ అని తెలుగులోనే రాయించి చూడండి. యాప్ కాకపోయినా, చెప్పినట్టు ఓ యంత్రం వినడం మొదలైన క్షణం అది. ఆ సరదా వేరు!

పాత కంప్యూటరున్న బడిపిల్లలకు యాప్ ఇన్వెంటర్ చక్కని మొదటిమెట్టు. గూగుల్ 2010లో ప్రకటించిన దీన్ని 2012 నుంచి అమెరికాలోని ఎంఐటీ నడుపుతోంది. ఇందులో కోడ్ రాసే పనిలేదు. రంగురంగుల దిమ్మెలను ఒకదానికొకటి తగిలిస్తే యాప్ తయారవుతుంది. అంతా బ్రౌజర్‌లోనే కాబట్టి స్కూలు ల్యాబ్‌లోని సాదా కంప్యూటరూ సరిపోతుంది.

తోడు కావాలి

ఇన్ని పాఠాలు ఊరికే దొరుకుతున్నా మధ్యలో మానేసేవాళ్లే ఎక్కువ. ఎందుకు? తెలివి చాలక కాదు. తోడు లేక!

రాత్రి పదకొండింటికి తెర మీద ఎర్రక్షరాలతో ఓ తప్పు కనిపిస్తుంది. ఎంత చూసినా అర్థం కాదు. అమీర్‌పేటలో అయితే పక్క బెంచీవాణ్ని అడుగుతారు. ఇంట్లో ఎవర్ని అడగాలి? ‘పొద్దస్తమానం ఆ తెర ముందర కూచుంటే అన్నం పెడతాదా?’ అనే అమ్మనా?

ఆ పక్క బెంచీని ఎక్కడో ఓచోట వెతుక్కోవాల్సిందే. ప్రపంచంలోని ప్రోగ్రామర్లు 2008 నుంచీ స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఒకరి చిక్కులు ఒకరు విప్పుకుంటున్నారు. మనకొచ్చిన తప్పు అంతకుముందే ఎవరికో వచ్చి ఉంటుంది, జవాబూ అక్కడే ఉంటుంది. కొత్తగా అడగాలంటే మాత్రం ఓ మర్యాద ఉంది. ‘పనిచేయట్లేదు, సాయం చేయండి’ అంటే ఎవరూ పలకరు. ఏం చేయబోయారు, ఏం జరిగింది, తెర మీద ఏ తప్పు కనిపించింది... మూడూ రాస్తేనే జవాబొస్తుంది. సగం సార్లు అలా రాస్తుండగానే తప్పెక్కడుందో మనకే తట్టేస్తుంది!

హైదరాబాదులో గూగుల్ డెవలపర్ గ్రూప్ ఉంది. జీడీజీ హైదరాబాద్ అంటారు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లే సెలవురోజుల్లో పోగై తెలిసింది చెప్పుకునే వేదిక. ఇలాంటి గ్రూపులు ఏటా ‘డెవ్‌ఫెస్ట్’ పేరుతో సభలు పెడతాయి. విద్యార్థుల కోసం కాలేజీ క్యాంపస్‌లలోనూ జీడీజీ శాఖలున్నాయి. నంద్యాల, కర్నూలు పట్టణాల్లో ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. కర్నూలులో 2015లో మొదలైన ట్రిపుల్‌ఐటీ డీఎం ఉంది. అక్కడ చదివే మీ ఊరి అక్కలూ అన్నలూ పండక్కి ఇంటికొచ్చినప్పుడు ఓ గంట కూర్చోబెట్టుకోండి. నెల రోజుల చిక్కు విడిపోవచ్చు.

తెలుగుకూ కంప్యూటర్‌కూ ముడిపెట్టాలనుకునేవాళ్లకు స్వేచ్ఛ ఉంది. తెలుగులో పనిచేసే కంప్యూటర్ వ్యవస్థను ఉచితంగా అందించాలన్న పట్టుదలతో 2005లో మొదలైన సంస్థ ఇది. ఇంజినీరింగ్ విద్యార్థులకు వేసవి శిబిరాలు పెడుతుంది. ఇటీవలి ఏళ్లలో వేలమంది విద్యార్థుల చేత పాత కథల పుటలను సరిచూపించి, ‘ఏఐ చందమామ కథలు’ పేరుతో తెలుగులో కథలల్లే కృత్రిమ మేధ తయారీకి పూనుకుంది. కోడ్ రాయడం ఇంకా చేతకాని వాళ్లకూ ఇలాంటి చోట్ల పని దొరుకుతుంది. వికీపీడియా యాప్‌నే తీసుకోండి. అందులోని ఆదేశాలను తెలుగు చేసే పనిలో ఎవరైనా పాలుపంచుకోవచ్చు. ఓ పెద్ద యాప్ లోపల ఎలా ఉంటుందో చూడటానికి అంతకన్నా మంచి దారేముంది!

ఆ పన్నెండు మంది ఎవరు?

సరే, నేర్చుకున్నారు. చిన్నదో పెద్దదో ఓ యాప్ తయారుచేశారు. 25 డాలర్లు కట్టి ప్లే స్టోర్‌కు పంపబోతే... అక్కడో గడప!

2023 నవంబరు 13 తర్వాత వ్యక్తిగతంగా ఖాతా తెరిచినవాళ్లు యాప్‌ను నేరుగా జనంలోకి వదలడానికి వీల్లేదు. ముందు కొంతమందికి ఇచ్చి వాడించాలి. మొదట 20 మంది అన్నారు. 2024 డిసెంబరులో ఆ సంఖ్యను 12కు తగ్గించారు. కనీసం పన్నెండు మంది మీ యాప్‌ను పరీక్షించడానికి ఒప్పుకుని, వరుసగా 14 రోజులు అందులో కొనసాగాలి. ఆ తర్వాతే అందరికీ ఇవ్వడానికి అనుమతి అడగొచ్చు.

నగరంలో ఒంటరిగా గదిలో ఉంటూ నేర్చుకునే కుర్రాడికి ఇది కొండంత కష్టం. డబ్బులిస్తే మనుషుల్ని సరఫరా చేస్తామనే బేరగాళ్లు కూడా నెట్‌లో పుట్టుకొచ్చారు. కానీ నందికొట్కూరులో? అత్త, చిన్నాయన, పక్కింటి ఎరువుల అంగడాయన, బస్టాండు దగ్గర సెల్ రిపేరు చేసే అన్న... పన్నెండు మందికి కొదవా! పట్నంవాళ్లకు లేనిది, మనకున్నది ఇదే.

ఓ ఉదాహరణ చెప్పుకుందాం. ఈ ప్రాంతంలో డిగ్రీ చదివే ఓ అమ్మాయి ఉందనుకోండి. మిరపకోతలకు కూలీలను తీసుకెళ్లే మేస్త్రి వాళ్ల అత్త. ఎవరు ఎన్నిరోజులు వచ్చారు, ఎవరికెంత ఇచ్చారు, ఎంత బాకీ... అంతా నలిగిపోయిన నోటుపుస్తకంలో ఉంటుంది. ఓ పేజీ చిరిగితే కూలీల నోటికాడి కూడు! ఆ లెక్కలు రాసుకునే యాప్ ఒకటి చేసిందా అమ్మాయి. తన ఫోన్‌లో చక్కగా పనిచేసింది. పన్నెండు మంది చేతికీ ఇచ్చింది. అప్పుడు మొదలవుతాయి అసలు పాఠాలు.

‘ఒగ పూట వచ్చినోళ్లకు ఎట్ల రాయాల?’ అని అత్త అడుగుతుంది. అరకూలి సంగతి ఆ అమ్మాయికి తట్టనేలేదు! పొలంలో సిగ్నల్ లేదు, యాప్ గిరగిరా తిరుగుతూనే ఉందని చిన్నాయన అంటాడు. అంటే లెక్కలు ముందు ఫోన్‌లోనే దాచుకుని, సిగ్నల్ వచ్చాక పైకి పంపేలా మార్చాలి. ఎండలో అక్షరాలు అగపడటం లేదంటారొకరు. ఇంకొకరి పాత ఫోన్‌లో ‘మొత్తం’ అన్నచోట ఒత్తు సగానికి తెగిపోయి ‘మొతం’ అయింది.

ఈ చివరిది చాలా యాప్‌లలో కనిపించే జబ్బే. ఇంగ్లిషు అక్షరాలు చాలావరకు గీత మీదే నిలబడతాయి. మన ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లిషుకు కొలిచి కుట్టిన చొక్కా తెలుగుకు బిగుతు. వరుసల మధ్య ఎడం పెంచితే సరిపోతుంది. తెలిసినవాళ్లకు రెండు నిమిషాల పని. తెలియనివాళ్లకు అసలు లోపం ఉన్నట్టే తెలియదు. అందమైన తెలుగు ఖతులకూ కరవులేదు. మండలి, మల్లన్న, రామభద్ర, గురజాడ, సూరన్న... ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. యాప్‌లో మాటలన్నీ ఒకచోట రాసిపెట్టి, తెలుగు తర్జుమాను పక్కనే మరో సంచిలో ఉంచితే చాలు. ఫోన్ భాష తెలుగైతే యాప్ దానంతటదే తెలుగులో తెరుచుకునే ఏర్పాటు ఆండ్రాయిడ్‌లోనే ఉంది.

మన అవసరమే మన పాఠం

‘ఇంత చిన్న యాప్‌తో ఏమవుతుంది?’ అంటారా? నిజామాబాద్ జిల్లాకు చెందిన ఫణీంద్ర సామ 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావాలనుకున్నారు. బస్సు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లున్నాయో ఒకచోట తెలిస్తే బాగుండును కదా అనిపించింది. ఆయన చదివింది ఎలక్ట్రానిక్స్. అయినా స్నేహితులతో కలిసి పట్టుబట్టి పని మొదలుపెట్టారు. 2006లో పుట్టిన ఆ రెడ్‌బస్ 2013లో ఐబీబో గ్రూపు కొనుక్కునేంతగా ఎదిగింది. పండక్కి ఇంటికి రాలేకపోయిన ఓ కుర్రాడి బాధ దానికి పునాది.

అలాంటి అవసరాలు మన చుట్టూ ఎన్ని లేవు? కేసీ కాల్వ కింద ఏ ఊరికి ఎప్పుడు నీళ్ల వంతు? ట్రాక్టరు, కోతమిషను అద్దెకు ఎవరి దగ్గరుంది? పల్లెకు వెళ్లే ఆఖరి బస్సు ఎన్నింటికి? వీటి జవాబులు బెంగళూరులో కూర్చున్న ఇంజినీరుకు తెలియవు. మీకు తెలుసు.

అందరికీ రెడ్‌బస్ యోగం పడుతుందని ఆశపెట్టడం మాత్రం మోసమే. ప్లే స్టోర్‌లో లక్షల యాప్‌లున్నాయి, ఎక్కువభాగం రూపాయి సంపాదించవు. పైగా యాప్ పెట్టేసి మర్చిపోతే కుదరదు. కొత్త ఆండ్రాయిడ్ వచ్చిన కొద్దీ దానికి తగ్గట్టు మార్చుతూ పోవాలి. జనం వివరాలతో ఆటలాడకూడదు. అప్పులిచ్చే యాప్‌లు ఫోన్‌లోని నంబర్లనూ ఫొటోలనూ లాక్కుని మనుషుల్ని వేధించడంతో, 2023 మే 31 నుంచి అవి వాటిని ముట్టుకోకుండా గూగుల్ నిషేధించింది. కూలీల లెక్క రాసే యాప్‌కు ఫొటోలతో పనేంటి? అవసరమైనదే అడగాలి. ఊళ్లో నమ్మకం పోతే మళ్లీ రాదు.

మరి లాభం? ఉద్యోగానికి వెళ్లినప్పుడు బల్ల మీద పెట్టడానికి ఓ పని ఉంటుంది. ‘కోర్సు చేశాను’ అనే కాగితం వందమంది దగ్గర ఉంటుంది. ‘ఈ యాప్ నేను చేశాను, మా ఊళ్లో పన్నెండు మంది వాడారు, వాళ్లు చెప్పిన తప్పులివి, నేను దిద్దినవివి’ అని చెప్పగలిగేది ఎందరు? ఆ మాట చెప్పగలిగినవాళ్లు అమీర్‌పేట నుంచి వచ్చారా, నందికొట్కూరు నుంచి వచ్చారా అని ఎవరూ అడగరు.

2018లో ఒక్క తెలుగు అక్షరానికి ప్రపంచం తడబడింది. రేపు తెలుగులో యాప్‌లు ఇంకా వస్తాయి. వాటిలో ఒత్తులు తెగకుండా, అరకూలి లెక్క తప్పకుండా చూసేదెవరు? మనవాళ్లే చూడాలి. అందుకే ఈసారి మీ ఇంట్లో పిల్లలు ‘అత్తా, ఈ యాప్ రెండు వారాలు వాడి ఎట్లుందో చెప్పవా’ అని ఫోన్ చేతికిస్తే... విసుక్కోకండి. ఆ పన్నెండు మందిలో మీరొకరు!

ఎక్కడ మొదలుపెట్టాలి?

సెల్‌ఫోన్ మాత్రమే ఉంటే: కోట్లిన్ ప్లేగ్రౌండ్‌లో సాధన, స్పోకెన్ ట్యుటోరియల్ వీడియోలు. రోజుకో అరగంట చాలు.

పాత కంప్యూటరుంటే: బడిపిల్లలకు ఎంఐటీ యాప్ ఇన్వెంటర్. మొదటి యాప్ ఒక్కరోజులోనే ఫోన్‌లోకి ఎక్కించి చూసుకోవచ్చు.

8 జీబీ కంప్యూటరుంటే: ఆండ్రాయిడ్ స్టూడియో, ఆండ్రాయిడ్ బేసిక్స్ విత్ కంపోజ్ కోర్సు. ఒకే యాప్‌ను ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ తయారుచేయాలనుకుంటే ఆ తర్వాత ఫ్లటర్ నేర్చుకోవచ్చు.

పునాది గట్టిపడాలంటే: ఎన్‌పీటెల్‌లో జావా పాఠాలు. ఇంగ్లిషు ఫర్వాలేదనుకుంటే హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఉచితంగా అందించే సీఎస్50.

తోడు కోసం: ఊళ్లో నలుగురు కలిసి ఆదివారం ఓ రెండు గంటలు ఒకచోట కూర్చోండి. ఆ వారం ఎవరు ఎక్కడ ఆగిపోయారో ఒకరికొకరు చెప్పుకోండి. దీనికి ఏ ఫీజూ లేదు!